రెండో పడవ

మొన్న మా చెల్లెలి కుటుంబం విశాఖపట్నం చూడడానికి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి ఒకటే గోల, బీచ్‌లో సబ్‌మెరైన్ చూపించమని. "నా మోకాళ్ళు పనిచెయ్యవు, టిక్కెట్లు కొనుక్కుని మీరే వెళ్ళిరండి" అన్నాను. మోకాళ్ళ నొప్పి అబద్ధం కాదు. కానీ అసలు సంగతి అది కాదు. ఆ ఇనప గొట్టంలోకి నేను ఒకసారి దిగాను, ఒక ముసలాయన వెనకాల. ఇంకోసారి దిగే ఓపిక నాకు లేదు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పేరు రాయను. ఊళ్ళో కూడా ఆయన్ని ఎవరూ పేరుతో పిలవగా నేను వినలేదు. అందరికీ ఓడతాతే.

అరకు లోయలో ఒక ఆశ్రమ పాఠశాలకు తెలుగు చెప్పడానికి నేను వెళ్ళింది తొంభైల మొదట్లో. విజయనగరం దగ్గర మైదానంలో పుట్టి పెరిగినదాన్ని. "రెండేళ్ళు ఓపిక పట్టమ్మా, కిందకి బదిలీ అయిపోతుంది" అన్నారు. ఆ రెండేళ్ళు ఎంతకీ పూర్తి కాలేదు. పగలు పాఠాలు, సాయంత్రం హాస్టల్ పని, వానాకాలం వస్తే మలేరియా మాత్రలు, పిల్లల తలల్లో పేలు. ఒక్కోరోజు అన్నం కలుపుకున్న చెయ్యి నోటిదాకా తీసుకెళ్ళడానికి కూడా బద్ధకంగా ఉండేది.

అలాంటి రోజుల్లోనే, ఒక మంచు పొద్దున, ఇంకా పాలవాడు కూడా రాకముందు స్కూలు గంట మోగింది. మా గంటంటే వేపకొమ్మకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క. హాస్టల్ ఆడపిల్లలు కళ్ళు నులుముకుంటూ పళ్ళేలు పట్టుకుని బయటికి పరుగెత్తారు. నాకు ఒళ్ళు మండిపోయింది. శాలువా చుట్టుకుని వెళ్ళి చూస్తే, మంచులో ఎవరో ముసలాయన కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, ఇనప కడ్డీతో ఆగి ఆగి కొడుతున్నాడు.

"ఎవరు తాతా నువ్వు? బుద్ధుందా? పిల్లల్ని లేపేశావు!"

"మంచొచ్చింది గదా తల్లీ. కొడతన్నాను."

"మంచొస్తే గంట కొట్టడం ఏమిటి?"

ఆయన నా వంక జాలిగా చూశాడు. "మరి దారి తప్పినోడికి ఎలాగ తెలుత్తాది?" అని మళ్ళీ కొట్టాడు.

వెనకనుంచి ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె నా కొంగు లాగింది. "టీచర్, ఆయన ఓడతాత. మంచొత్తే కొడతాడు. ఎవులు సెప్పినా ఇనడు."

నిజంగానే వినడు. నేను కడ్డీ దాచేస్తే రాయితో కొట్టేవాడు. రాళ్ళు ఏరేయిస్తే గరిటె తెచ్చుకున్నాడు. ఆ గరిటె కోసం ఆయన భార్య వచ్చి, కొండ మీద నుంచి కిందిదాకా వినబడేలా ఆయన్ని తిట్టి, గరిటె లాక్కుని వెళ్ళేది. ఆవిడ ఆ ఊరి కొండదొరల తెగ ఆడపడుచు. ఆయన భీమిలి దగ్గర చేపలు పట్టేవాళ్ళ కుటుంబంలో పుట్టి, ఎప్పుడో కుర్రతనంలో ఎండుచేపలు మోసుకొచ్చే సంతవాళ్ళతో కొండెక్కి, ఆవిడని చేసుకుని అత్తారింట్లోనే ఉండిపోయాడు. పిల్లలందరికీ ఆవిడ మామ్మ. నోరు పెద్దది. చెయ్యి అంతకంటే పెద్దది, చింతపండో సీతాఫలాలో ఏదో ఒకటి హాస్టల్ పిల్లలకు పెట్టనిదే దాటి వెళ్ళేది కాదు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారే, ఆయన అచ్చం అంతే. నేల మీద నడుస్తున్నా ఎప్పుడూ నేల ఒరిగిపోతుందేమో అన్నట్టు కాళ్ళు ఎడంగా వేసేవాడు. ఎవరింటికి వెళ్ళినా గుమ్మంలోనే కూర్చునేవాడు, లోపలికి రమ్మంటే తలుపు చూసుకుని నవ్వేవాడు. ఎవరి ఆవునైనా కట్టమంటే ఇక అంతే సంగతులు. ఆయన వేసిన ముడి విప్పడం ఊళ్ళో ఒక్కరి వల్లా అయ్యేది కాదు, తాడు కోసుకోవాల్సిందే. "ఈడు ఆవుని కట్టినాడా, నా పేనానికి కట్టినాడా" అని మామ్మ నెత్తి కొట్టుకునేది.

ఇవన్నీ సరే. నాకు విచిత్రంగా అనిపించింది ఒకటుంది. ఆయన మామిడికాయ తినేవాడు కాదు.

ఆ కొండల్లో మామిడి తినని మనిషి ఉంటాడా! అయితే అక్కడ ఎవరూ చెట్టున కాయ కనబడగానే కోసుకుని తినరు. ముందు మామిడి కొత్త పండగ చెయ్యాలి. చనిపోయిన పెద్దల్ని ఇంటి యజమాని పేరు పేరునా పిలిచి, అన్నంలో కొత్త మామిడి ముక్క పెట్టి, వాళ్ళు తిన్నాక తాము తినాలి. పేరు పిలవకపోతే ఆ చచ్చినవాడికి ముద్ద అందదు, ఆకలితో తిరుగుతూనే ఉంటాడు. అలాగని బతికున్నవాడి పేరు పిలిచారో, వాడి ఆయుష్షు అక్కడికి తెగిపోతుంది. ఇది వాళ్ళ నమ్మకం. ఇంట్లో చనిపోయిన అందరి పేర్లూ పిలవడం పూర్తయితే తప్ప పిలిచినవాడు తినకూడదు. ఓడతాత కూడా అత్తారి ఆచారం ప్రకారం ఏటా తల్లినీ తండ్రినీ పిలిచి, అక్కడ ఆగిపోయేవాడు. ఇంకో పేరు ఉంది. అది పిలవడు. పిలవలేదు కాబట్టి తినడు. ఆయన ముక్క ఆకులోనే ఉండిపోయేది.

"పిలిసీరా బావా, ఎన్నాళ్ళు సూత్తావు?" అని ఊరి పెద్ద అడిగేవాడట.

"ఆడు సచ్చినట్టు నీకు తెలుసా?" అనేవాడట ఈయన.

ఆ ఇంకో పేరు ఆయన తమ్ముడిది.

ఒక వానాకాలం మధ్యాహ్నం, స్కూలు వరండా గుమ్మంలో కూర్చుని, ఆ కథ నాకు చెప్పాడు. చెప్పడమంటే కన్నీళ్ళు పెట్టుకుని కాదు. చుట్ట ఆరిపోతుంటే మధ్యమధ్యలో వెలిగించుకుంటూ, ఎవరిదో సంగతి చెబుతున్నట్టు చెప్పాడు.

"కలకత్తాలో ఎక్కినాం, నానూ తమ్ముడూ. ఓడ కింద బొగ్గేసీ పని. బర్మాలో రంగం ఎల్లీవోళ్ళం, కొలంబో ఎల్లీవోళ్ళం. అప్పుడు పెద్ద యుద్ధం ఒచ్చినాది. ఓడల్ని ముంచేత్తన్నారని సెప్పుకునీవోరు. మనదేటి, ఉత్త సరుకోడ. గోనెసంచులూ తేయాకూ. ఒక్క తుపాకీ నేదు. దీన్ని ఎవడేటి సేత్తాడు అనుకున్నాం."

"తరవాత?"

"పొద్దుగూకిన యేళ. తమ్ముడు పని దిగి పైకెల్లినాడు, నాను ఇంకా కిందే ఉన్నాను. ఏదో గుద్దినాది. బండకి తగిలీసినామనుకున్నాను. సంద్రం మజ్జిలో బండేటి తల్లీ! నీళ్ళు ఒచ్చీసినాయి. నిచ్చెనెక్కి ఎలాగొచ్చినానో నాకే తెల్దు. నా ఎనకాల ఉన్నోళ్ళు రానేదు."

చుట్ట వెలిగించుకున్నాడు. గుమ్మంలోనే ఎందుకు కూర్చుంటాడో నేను ఇంక అడగలేదు.

"రెండు పడవలు దింపినారు. నాను మొదటి దాంట్లో. ఆడు రెండో దాంట్లో. 'అన్నా, నాను ఇందులో ఉన్నాను' అని కేకేసినాడు. బాగా ఇనిపించినాది. ఓడ దొర రెండు పడవలూ ఇడిపోకుండా తాడు కట్టమన్నాడు. ముడి నానే ఏసినాను. తెల్లారేసరికి తాడు ఉత్తినే నీళ్ళ మీద తేలతన్నాది. అంతా మంచు. కేకలేసినాం, డబ్బాలు కొట్టినాం. ఏటీ నేదు."

వాళ్ళని ఇంకో ఓడవాళ్ళు తీసి ఒడ్డుకు చేర్చారట. ఆ ఓడలో కళాసీల పెద్ద, సరంగు ఒకడు ఈయనకి చెప్పాడట, జపాన్‌వాళ్ళ సబ్‌మెరైన్ నీళ్ళమీదకొచ్చి పడవల్లో ఉన్నవాళ్ళని ఎక్కించుకుని పట్టుకెళ్ళిపోతుందని. ఎక్కడో అలా జరిగిందని తను విన్నానని. అంతే. ఆ మాట పట్టుకున్నాడు. ఇంటికి వెళ్తే తల్లి రోజూ అడిగేదట, తమ్ముడేడిరా అని. "ఒత్తాడమ్మా, జపానోళ్ళు ఒగ్గీగానే ఒత్తాడు" అని చెప్పి చెప్పి, ఇక చెప్పలేక, సముద్రం కనబడని చోటు చూసుకుని కొండెక్కేశాడు.

ఊళ్ళో చాలామంది నమ్మలేదు. నీళ్ళ కింద నడిచే ఓడేమిటి, అది చుట్టాల్ని ఎక్కించుకున్నట్టు జనాన్ని ఎక్కించుకోవడమేమిటి అని నవ్వేవారు. ఆయన పట్టించుకునేవాడు కాదు. మా సోషల్ క్లాసు గదిలో ప్రపంచ పటం ఉండేది. అప్పుడప్పుడు వచ్చి కిటికీలోంచి తొంగిచూసేవాడు.

"పంతులమ్మా, జపానేది?"

చూపించాను.

"ఓలమ్మ, ఇంతేనా? మరి ఎతుక్కోడం సుళువే." పటం వంకే చూస్తూ, "అక్కడ మామిడి సెట్లు ఉంతాయా?" అని అడిగాడు.

"నాకు తెలీదు తాతా."

"నేకపోతే ఆడు ఏటి తింతాడు పాపం. మామిడంటే పడి సచ్చీవోడు."

తమ్ముడికి అక్కడ పెళ్ళయిందని, పిల్లలున్నారని, వాళ్ళు సన్నని కళ్ళతో పొట్టిగా ఉంటారని ఆయన లెక్కలు ఆయనకున్నాయి. నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. నిజం చెప్పొద్దూ, నాకు విసుగు కూడా వచ్చేది. నా తల ప్రాణం తోకకొచ్చే పనుల మధ్య ఈయన తమ్ముడి జపాన్ సంసారం ఒకటి!

అలా పదేళ్ళు దాటాయి. నాకు బదిలీ రాలేదు, ఆయనకి తమ్ముడు రాలేదు. ఇద్దరం ముసలివాళ్ళమయ్యాం, ఆయన మరీనూ. విశాఖపట్నం బీచ్‌లో పాత సబ్‌మెరైన్ ఒకదాన్ని ఒడ్డుకు లాగి మ్యూజియం చేశారని పేపర్లో చదివి, సంక్రాంతి సెలవుల తరవాత పదో తరగతి పిల్లల్ని తీసుకెళ్దామనుకున్నాం. ఈ సంగతి ఆయన చెవిన ఎవరు వేశారో తెలీదు. బస్సు బయల్దేరేసరికి ఉతికిన తెల్లచొక్కా వేసుకుని మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"తాతా, అది పిల్లల టూరు. నువ్వు ఘాట్‌రోడ్డు తట్టుకోలేవు."

"నాకు పనున్నాది."

"ఏం పని?"

"ఆల్లని అడగాల."

మామ్మ వెనకనుంచి అరిచింది, "అట్టుకెల్లు పంతులమ్మా! ఆ శని నా నెత్తిమీంచి ఓ పూట దిగుతాది!" అంటూనే ఆయన జేబులో జొన్నరొట్టె మూట కుక్కింది.

బస్సులో పిల్లలు పాటలు పాడారు, వాంతులు చేసుకున్నారు, మళ్ళీ పాడారు. ఆయన దారంతా ముందు సీటు కడ్డీ పట్టుకుని కూర్చున్నాడు. బీచ్‌లో దిగాక సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డాడు. కొండెక్కినప్పటినుంచి మళ్ళీ సముద్రం చూడనివాడు, ఇప్పుడు ఎదురుగా ఉన్నా చూడలేదు. ఆయన చూపంతా ఆ నల్లటి పొడుగాటి ఇనుము మీదే.

"పెద్దదే," అన్నాడు. ముఖం వెలిగింది. "సూసినావా పంతులమ్మా? పెద్దదే! పడవ మనుసులు సులువుగా పట్టీత్తారు."

మెట్లెక్కి లోపలికి వెళ్ళాం. జీవితంలో ఎప్పుడూ గుమ్మం దాటి కూర్చోనివాడు నాకంటే ముందు దిగాడు. లోపల ఒకరి వెనక ఒకరు నడవాలి, ఎదురుగా ఎవరైనా వస్తే గోడకి అతుక్కుపోవాలి. ఎక్కడ చూసినా గొట్టాలు, చక్రాలు, మీటలు. అంతా వివరించి చెప్పడానికి నేవీలో పనిచేసి రిటైరైన ఒకాయన ఉన్నాడు, మంచి మనిషి. టార్పెడోలు పెట్టే చోట, వాటి పక్కనే అల్మారా అరల్లాంటి మంచాలు చూపించాడు.

ఓడతాత ముందుకు జరిగి అడిగాడు. "బాబూ, నీళ్ళలో పడినోళ్ళని ఎక్కించుకుంటారు గదా. ఆల్లని ఏడ కూకోబెడతారు?"

ఆయనకి అర్థం కాలేదు. నేను రెండు ముక్కల్లో చెప్పాను, జపాన్ సబ్‌మెరైన్, పడవ, తమ్ముడు.

"ఆ కాలంలో ఒకళ్ళిద్దర్ని పట్టుకెళ్ళారేమో, నేను చెప్పలేను తాతా," అన్నాడాయన మెల్లగా. "కానీ ఇక్కడ మాకే చోటుండేది కాదు. నేను లేస్తే ఇంకొకడు వచ్చి నా మంచం మీదే పడుకునేవాడు. బియ్యం బస్తాలు కూడా కాళ్ళ కిందే. అప్పటివి దీనికంటే ఏం గొప్పగా ఉంటాయి?"

ఓడతాత ఆ మంచం మీద చెయ్యి పెట్టి జానలతో కొలిచాడు. మంచానికీ టార్పెడోకీ మధ్య చెయ్యి పెట్టి చూశాడు. తరవాత దారికి అడ్డంగా నేల మీద కూర్చుండిపోయాడు. వెనక పిల్లలు ఆగిపోయారు.

"ఆ పడవ నిండా మనుసులమ్మా," అన్నాడు నాతో. "ఇందులో ఇంకొకడికి కూడా జాగా నేదు."

"ఎవరో ఒకళ్ళని తీసుకుని ఉండొచ్చు తాతా. అది నీ తమ్ముడే ఎందుకు కాకూడదు?" అని అనబోయాను. ఆ ముఖం చూస్తూ ఆ మాట అనగలిగిన మనిషి ఎవరూ ఉండరు.

ఆయన్ని లేపి బయటికి తీసుకురావడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది.

తిరుగు ప్రయాణంలో నా పక్కనే కూర్చున్నాడు. తమ్ముడు పోయాడని ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కుతుండగా నోరు విప్పాడు.

"అప్పుడే పోనాడు తల్లీ ఆడు. నాను కొండెక్కకముందే పోనాడు."

"ఊరుకో తాతా."

"పోతే పోనాడు. అందరం పోతాం. కానీ నాను ఏటి సేసినాను? పేరు పిలవనేదు. ఏటేటా అమ్మకి ముద్దెట్టినాను, అయ్యకి ముద్దెట్టినాను, ఆడికి పెట్టనేదు. ఆల్లిద్దరూ తింతంటే గుమ్మం అవతల నిలబడి సూసుంతాడు. నాను ఆడిని బతికించుకుంతన్నాననుకుని ఇన్నేళ్ళూ ఆడి కడుపు మాడ్సీసినాను."

ఇలాంటి నమ్మకాల మీద క్లాసులో పిల్లలకు ఏమేమో చెబుతుంటాను. ఆ పూట అవన్నీ పక్కనపెట్టి, ఆయన జేబులో ఉన్న జొన్నరొట్టె మూట విప్పి ఇచ్చాను. తల అడ్డంగా ఊపాడు.

ఆ తరవాత ఆయన గంట కొట్టలేదు. ఆ చలికాలం మిగిలిన రోజుల్లో ఎన్నోసార్లు మంచు దిగింది, పక్క గది కనబడనంతగా. నేను మంచంలో మెలకువగా పడుకుని చెవులు రిక్కించేదాన్ని. వద్దు వద్దని పదేళ్ళు తిట్టినదాన్ని, మోగకపోతే నిద్రపట్టలేదు. పగలు చూస్తే ఆయన పెరట్లో కూర్చుని ఉండేవాడు. తిండి తగ్గించేశాడు. "ఆడు తిననప్పుడు నాకేల" అంటున్నాడని మామ్మ చెప్పింది. ఆవిడ తిట్టడం కూడా మానేసింది. అదే నాకు ఎక్కువ భయం వేసింది.

"ఈ కొత్తకి పేరు పిలుత్తాడంట," అంది. "అందాకా ఉంతే."

ఉన్నాడు. మామిడి కొత్తకి నన్నూ పిలిచారు. పెరట్లో అలికి ముగ్గేసిన చోట విస్తరాకులు పరిచారు. కొత్త కుండలో వండిన అన్నం, పక్కన తరిగిన మామిడి ముక్కలు. ఊరి పెద్ద, నలుగురు చుట్టాలు, మనవలు ఉన్నారు. ఓడతాతని ఇద్దరు పట్టుకుని కూర్చోబెట్టారు. చొక్కా లోపల ఎముకలు తప్ప మనిషి లేడు.

తండ్రిని పిలిచాడు, ముద్ద పెట్టాడు. తల్లిని పిలిచాడు, ముద్ద పెట్టాడు. మూడో ఆకు ఆ ఏడాది కొత్తగా వేశారు. దానిమీద ముద్ద పెట్టబోయి, చెయ్యి గాల్లో ఆగిపోయింది. పెదాలు కదులుతున్నాయి, పేరు రావడం లేదు.

"ఏ మొకం ఎట్టుకుని పిలవనురా," అన్నాడు ఊరి పెద్దతో. "ఇన్నేళ్ళ ఆకలి. ఈ ఒక్క ముద్దకి ఒత్తాడా ఆడు?"

అప్పుడు మామ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది. ఆడవాళ్ళు ఆ ఆకుల దగ్గరికి రాకూడదు. వచ్చి ఆయనకెదురుగా కూలబడింది.

"ఆడు ఆకలితో నేడు," అంది.

"ఏటి?"

"నాను పెడతన్నాను. నువ్వు మా ఇంటికొచ్చిన యేడాది నుంచీ. పొయ్యి కాడ, ఎవులూ సూడకుండా, పేరెట్టి పిలిసి పెడతన్నాను."

ఊరి పెద్ద చటుక్కున లేచి నిలబడ్డాడు. ఆడది, అందులోనూ పరాయి వంశం పెద్దల్ని పిలవడమా! అంతకంటే ఘోరం ఇంకోటుంది. మరిది బతికుంటే? ఏటేటా ఆ పేరు పిలిచి ఈవిడే అతని ఆయుష్షు తెంపేసినట్టు కాదా? ఈ మాట ఓడతాత నోట వస్తుందేమోనని మామ్మ కూడా చూస్తోంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ భయంతోనే ఈ సంగతి దాచింది.

"బతికుంటే నీ ఉసురు నాకు తగిలీది. తెలుసు," అంది. "పిల్లలున్న ఇల్లు గదా. ఆకలితో ఉన్నోడు గుమ్మం కాడ తిరుగుతుంటే ఎలాగ? నీ ముక్క నువ్వు ఒగ్గీసీవోడివి. అదే ఆడికి పెట్టీదాన్ని."

ఓడతాత ఆవిడ వంక చూశాడు.

"ఉప్పేసి పెట్టీదానివా?" అని అడిగాడు.

"ఉప్పూ కారం ఏసి పెట్టీదాన్ని. సంద్రపోళ్ళకి ఉప్పు నేకపోతే ముద్ద దిగదు గదా."

ఆయన తల ఊపాడు. అప్పుడు పిలిచాడు తమ్ముడి పేరు, గట్టిగా, ఎదుటి పడవలోవాడికి వినబడేంత గట్టిగా. ముద్ద ఆకులో పెట్టాడు. చేతులు తుడుచుకుని, తన ముందున్న మామిడి ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు.